నష్టపరిహారం – దాని లెక్క

"రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి ఇన్ని లక్షల పరిహారం" అనే వార్తలను మీరు పత్రికలలో చూసే ఉంటారు. చదివినవారిలో కొందరు "అంత డబ్బే!" అంటారు. మరికొందరు "పోయిన కాలు తిరిగి వస్తుందా?" అని నిట్టూరుస్తారు. కాని ఆ అంకె ఎక్కడ నుండి వచ్చిందని అడిగేవారు తక్కువ. న్యాయమూర్తి తనకు తోచినంత వ్రాశాడా? కాదు. దానికొక లెక్క ఉన్నది. మీరు బడిలో నేర్చిన గుణకారాలు, శాతాలు వస్తే చాలు, ఆ లెక్క మీరూ చేయగలరు. ఏ అంకెను ఎక్కడ వేయాలన్నదే అందులో కష్టం.

మొదట రెండు మాటలను వేరు చేసి చూద్దాం. జరిమానా వేరు, నష్టపరిహారం వేరు. అజాగ్రత్తగా బండి నడిపిన డ్రైవరుకు క్రిమినల్ కోర్టు విధించే జరిమానా తప్పుకు శిక్ష. నష్టపరిహారం శిక్ష కాదు. దెబ్బ తిన్నవానికి కలిగిన లోటును డబ్బుతో వీలైనంత మేరకు పూడ్చే ప్రయత్నం. ఒకే ప్రమాదం మీద ఈ రెండు విచారణలూ విడివిడిగా జరుగుతాయి. డ్రైవరు మీద పోలీసు కేసు ఉన్నది కదా, అదే చాలునని ఊరుకొన్న కుటుంబం పరిహారాన్ని చేజేతులా పోగొట్టుకొంటుంది.

మన దేశంలో రోడ్డు ప్రమాదాల పరిహారానికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అది 1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చింది. 2019లో దానిని సవరించారు. పరిహారానికి సంబంధించిన మార్పులు 2022 ఏప్రిల్ 1 నుండి అమలయ్యాయి. ఈ దావాలను విచారించే కోర్టుకు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ అని పేరు. రోడ్డు మీద తిరిగే వాహనానికి మూడవ పక్షపు బీమా ఉండితీరాలని చట్టం చెబుతున్నది. బండి యజమాని ఒక పక్షం, బీమా కంపెనీ రెండవ పక్షం, ఆ బండి వలన దెబ్బ తినే పరాయివాడు మూడవ పక్షం. బండివాడు బీదవాడైనా గాయపడినవానికి సొమ్ము అందాలనే ఈ ఏర్పాటు.

ఇక లెక్కలోనికి వద్దాం. గాయపడినవానికి ఏయే పద్దుల కింద పరిహారం ఇవ్వాలో సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో ఇచ్చిన ఒక తీర్పులో స్పష్టంగా వివరించింది. ఆస్పత్రి ఖర్చులు, మందులు, రాకపోకలు, బలమైన ఆహారం, మంచాన ఉన్నన్నాళ్లు పోయిన కూలి, మున్ముందు తగ్గిపోయే సంపాదన, ఇక ముందు కావలసిన వైద్యం – ఇవి లెక్కించగలిగినవి. అనుభవించిన బాధ, జీవితంలో కోల్పోయిన సుఖసంతోషాలు, తగ్గిపోయిన ఆయుర్దాయం – ఇవి లెక్కకు అందనివి. వీటికి కోర్టు ఒక సబబైన మొత్తాన్ని నిర్ణయిస్తుంది. అన్నిటిలోను పెద్ద పద్దు మున్ముందు తగ్గిపోయే సంపాదన. పొరపాట్లు ఎక్కువగా జరిగేది కూడా అక్కడే.

హోసూరు దగ్గరి పల్లెలో ఒక వడ్రంగి ఉన్నాడనుకొందాం. వయస్సు 30 ఏళ్లు. నెలకు 12,000 రూపాయల సంపాదన. బస్సు గుద్దడంతో అతని ఎడమచేతిని తీసివేయవలసి వచ్చింది. వైకల్యం 60 శాతం అని డాక్టరు ధ్రువపత్రం వ్రాశాడు. అయితే అతని సంపాదన కూడా 60 శాతమే పోయిందా? ఉలిని ఒక చేత పట్టి, రెండవ చేత సుత్తితో కొట్టాలి. చిత్రిక పట్టాలంటే రెండు చేతులూ కావాలి. ఒంటిచేతి వడ్రంగికి పని ఎవరిస్తారు? అతని సంపాదన నూటికి నూరుపాళ్లూ పోయినట్లే. అదే గాయం ప్రభుత్వ కార్యాలయంలోని గుమాస్తాకు తగిలిందనుకోండి. అతడు కుడిచేతితో వ్రాసుకోగలడు, ఉద్యోగమూ నిలుస్తుంది. అతనికి సంపాదన నష్టం దాదాపు ఉండదు. అందుకని, కోల్పోయిన సుఖసంతోషాల పద్దు కింద ఇచ్చే మొత్తాన్ని పెంచుతారు. నేను చెప్పిన తీర్పులోనే ఇటువంటి పోలిక ఉన్నది. డాక్టరు కొలిచేది శరీరాన్ని. ట్రిబ్యునల్ కొలవవలసినది బ్రతుకుతెరువును.

ఇప్పుడు వడ్రంగి లెక్క చేద్దాం. ఏడాది సంపాదన 1,44,000. వయసులో ఉన్నవాని సంపాదన ఏటేటా పెరిగేదే కనుక, 40 ఏళ్లలోపు వయసుండి సొంతపని చేసుకొనేవారికి 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది. అంటే 57,600 కలిపితే 2,01,600 అయింది. దీనిని వయస్సును బట్టి ఒక గుణకంతో గుణించాలి. 2009 నాటి మరొక తీర్పులో ఈ గుణకాల పట్టిక ఉన్నది. 15 నుండి 25 ఏళ్లవారికి 18, 26 నుండి 30 వరకు 17. అలా తగ్గుతూ 65 ఏళ్లు దాటినవారికి 5. మన వడ్రంగికి 17. గుణిస్తే 34,27,200 రూపాయలు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ముప్పై ఏళ్లవాడు ఇంకా ముప్పై ఏళ్లు పని చేయగలడు కదా, గుణకం పదిహేడేనా? ఏటేటా రావలసిన సొమ్ము ఒక్కసారే చేతికి వస్తున్నది. బ్యాంకులో వేస్తే దానికి వడ్డీ పుడుతుంది. పైగా మనిషి జీవితం అనిశ్చితం. అందుకే గుణకాన్ని తగ్గించారు. మరొక సంగతి. మనిషి చనిపోయిన కేసులలో అతని సొంత ఖర్చుల కింద మూడవ వంతో నాలుగవ వంతో తగ్గిస్తారు. గాయపడి బ్రతికినవాని విషయంలో అలా తగ్గించరు. బ్రతికి ఉన్నవాడు తినాలి కదా!

డాక్టరు వ్రాసిన 60 శాతాన్నే యాంత్రికంగా వేసి ఉంటే వడ్రంగికి వచ్చేది 20,56,320. తేడా 13,70,880 రూపాయలు. ఒక్క అంకెను అర్థం చేసుకోవడంలో ఒక కుటుంబం నిలవడమో కూలడమో ఉన్నది.

సంపాదన లేనివారి సంగతి ఏమిటి? ఇంటిపని చేసే తల్లికి జీతం లేదు కనుక నష్టం లేదని వాదించేవారు ఉన్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మరణ పరిహారం కేసులో ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. ధర్మాసనంలో ఒకరు కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ. ఆయన విడిగా వ్రాసిన అభిప్రాయంలో 2019 నాటి కాలవినియోగ సర్వేను పేర్కొన్నారు. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. వంట, నీళ్లు, పిల్లల చదువు, ముసలివారి సేవ – వీటికి విలువ కట్టక తప్పదన్నారు.

మీ వయసువారి కేసులు కూడా ఉన్నాయి. ప్రమాదం వలన శాశ్వతంగా మంచం పట్టిన పన్నెండేళ్ల బాలిక కేసు 2020లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆమెకు జీవితాంతం ఇద్దరు సహాయకులు కావాలి. వారి కోసం నెలకు 10,000 చొప్పున ఏడాదికి 1,20,000 లెక్కకట్టి, దానిని 18తో గుణించి, ఆ ఒక్క పద్దు కిందనే 21,60,000 రూపాయలు ఇచ్చింది. చేతిలో ఇంకా వృత్తి లేని పిల్లలకు పోయేది ఏమున్నదని అనుకొనేవారు ఈ గుణకారాన్ని చూడాలి.

గాయపడినవాని తప్పు కూడా కొంత ఉంటే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. తప్పు ఎవరిదన్న వాదం లేకుండానే తీవ్రంగా గాయపడినవారికి రెండున్నర లక్షలు, మరణిస్తే కుటుంబానికి ఐదు లక్షలు ఇచ్చే మార్గం కూడా చట్టంలో ఉన్నది. అది త్వరగా తేలే మార్గమే. కాని ఆ మొత్తాన్ని అంగీకరిస్తే పెద్ద దావా రద్దవుతుంది. మన వడ్రంగి అంకెతో పోల్చి చూసుకోండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2,00,000 రూపాయలు ఇస్తారు.

లెక్క ఎంత చక్కగా ఉన్నా రుజువు లేనిదే నిలవదు. వడ్రంగికి జీతం చీటీ ఉండదు. పని చేయించుకొన్నవారు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఏ ఆధారమూ లేనప్పుడు కోర్టులు తరచు కనీస వేతనాన్ని ప్రమాణంగా తీసుకొంటాయి. అది నిజమైన సంపాదన కంటె తక్కువ కావచ్చు. మందుల చీటీలు, ఎక్స్‌రేలు, ఆస్పత్రి నుండి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం, ప్రథమ సమాచార నివేదిక నకలు – అన్నీ ఒక సంచిలో భద్రపరచాలి. ఇంట్లో ఆ పనికి సాధారణంగా చదువుకొనే పిల్లలే తగినవారు.

రాష్ట్రాల సరిహద్దులలో నివసించే మనకు ఈ చట్టంలో ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉన్నది. ప్రమాదం జరిగిన చోటనే దావా వేయాలన్న నిర్బంధం లేదు. యానాం వాసి కాకినాడ రోడ్డు మీద గాయపడినా, బళ్లారి వాసి గుత్తి దగ్గర గాయపడినా, తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దావా వేయవచ్చు. దావాకు ఆరు నెలల గడువును సవరించిన చట్టం విధించింది. ఆ గడువు సబబా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. అయినా ఆలస్యం చేయకుండా వేయడమే క్షేమం. "ఇంత తీసుకొని వదిలేయండి" అంటూ రోడ్డు పక్కనో ఆస్పత్రి వరండాలోనో ఎవరైనా కాగితం చాపితే, అది కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా, పూర్తిగా చదివించుకోనిదే వేలిముద్ర వేయరాదు. వకీలుకు డబ్బు లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఏర్పాటు చేస్తారు. అందుకు జిల్లా న్యాయసేవల సంస్థ కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే చాలు.