యూనిట్ – 7: యుద్ధకాలపు పౌరసేవా బ్యాడ్జీలను గుర్తించడం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• యుద్ధకాలంలో పౌరులకు బ్యాడ్జీలు ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో వివరించగలుగుతారు.
• అక్షరాలు, కిరీటం, వెనక భాగం ఆధారంగా ఒక బ్యాడ్జీ కాలాన్ని అంచనా వేయగలుగుతారు.
• బ్యాడ్జీ చెప్పే విషయాన్నీ, చెప్పని విషయాన్నీ వేరు చేసి నమోదు చేయగలుగుతారు.

7.1 పరిచయం

మ్యూజియం సేకరణల్లో, కుటుంబాలు దాచుకున్న పాత పెట్టెల్లో సైనిక పతకాలతో పాటు చిన్న లోహపు బ్యాడ్జీలు కనిపిస్తాయి. వాటి మీద కిరీటం, 'యుద్ధం' అనే మాట, ఒక్కోసారి సంవత్సరం ఉంటాయి. అందువల్ల చాలామంది వాటిని కూడా సైనికుల వస్తువులుగానే భావిస్తారు. నిజానికి వాటిలో కొన్నింటిని ధరించినవారు యుద్ధభూమిని చూడనే లేదు. వారు ఫ్యాక్టరీ కార్మికులు, వైమానిక దాడుల రాత్రుల్లో వీధుల్లో కాపలా తిరిగిన వార్డెన్లు, స్వచ్ఛంద సేవికలు. తప్పుడు పేరుతో నమోదైన బ్యాడ్జీ వల్ల వారి సేవ చరిత్రలో మరొకరి ఖాతాలోకి వెళ్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల కాలపు బ్రిటన్ బ్యాడ్జీలను ఉదాహరణగా తీసుకుని గుర్తింపు పద్ధతిని ఈ యూనిట్‌లో తెలుసుకుందాం.

7.2 పౌరులకు బ్యాడ్జీ ఎందుకు?

బ్రిటన్ 1914 ఆగస్టులో యుద్ధంలోకి దిగింది. నిర్బంధ సైనిక సేవకు చట్టం 1916 జనవరిలో గాని రాలేదు. అప్పటివరకు సైన్యంలో చేరడం స్వచ్ఛందం. కాని మామూలు దుస్తుల్లో కనిపించే యువకుడిని సమాజం పిరికివాడిగా చూసేది. 1914 ఆగస్టులోనే ఫోక్‌స్టోన్ పట్టణంలో అడ్మిరల్ చార్లెస్ ఫిట్జెరాల్డ్ ప్రోత్సాహంతో, అటువంటి యువకుల చేతికి మహిళలు తెల్ల ఈకలు ఇచ్చే ఉద్యమం మొదలైంది. తెల్ల ఈక పిరికితనానికి గుర్తు.

ఓడలు కట్టేవారు, ఫిరంగులు తయారుచేసేవారు కూడా ఈ అవమానానికి గురయ్యారు. వారు పని మానేసి సైన్యంలో చేరితే ఆయుధాల ఉత్పత్తి కుంటుపడుతుంది. ఈ పరిస్థితిలో బ్యాడ్జీ రెండు పనులు చేసింది. వీధిలో ఎదురయ్యే నిందకు అది జవాబు. నిపుణుడైన కార్మికుడిని పనిలో నిలిపి ఉంచే సాధనం కూడా అదే. 1915 జూన్‌లో ఆయుధసామగ్రి మంత్రిత్వశాఖ ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన ఆయుధసామగ్రి చట్టంతో బ్యాడ్జీల జారీ ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది.

7.3 గుర్తింపులో నాలుగు మెట్లు

7.3.1 అక్షరాలు, సంవత్సరం: ముందుగా బ్యాడ్జీ మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ఉన్నది ఉన్నట్లుగా రాసుకోండి.

• 'ఆన్ వార్ సర్వీస్' అన్న మాటలతో 1914, 1915, 1916 సంవత్సరాలు గల బ్యాడ్జీలు మొదటి ప్రపంచ యుద్ధకాలపు కార్మికులవి. 1916 నాటి త్రిభుజాకారపు ఇత్తడి బ్యాడ్జీ ఆయుధసామగ్రి పనిలో ఉన్న మహిళలది. ఇక్కడి సంవత్సరం ఆ నమూనాకు చెందినది. ధరించిన వ్యక్తి ఆ ఒక్క ఏడాదే పనిచేసినట్లు భావించకూడదు.
• 'సర్వీసెస్ రెండర్డ్' అని ఉన్న గుండ్రని వెండి బ్యాడ్జీ 1916 సెప్టెంబరులో ప్రవేశపెట్టినది. గాయాల వల్ల గాని, అనారోగ్యం వల్ల గాని సైన్యం నుంచి విడుదలైనవారికి దీన్ని ఇచ్చారు. మామూలు దుస్తుల మీద ధరించినా ఇది పౌరసేవా బ్యాడ్జీ కాదు.
• 'ఏ.ఆర్.పి.' అంటే వైమానిక దాడుల నుంచి రక్షణ ఏర్పాట్లు. బ్రిటన్‌లో వార్డెన్ల సేవ 1937లో ఏర్పడింది. 1941 నుంచి 'సివిల్ డిఫెన్స్' అనే పేరు వాడుకలోకి వచ్చింది.
• 'డబ్ల్యు.వి.ఎస్.' 1938లో లేడీ రీడింగ్ స్థాపించిన మహిళా స్వచ్ఛంద సేవాసంస్థ. 1966లో దాని పేరులో 'రాయల్' చేరింది. కాబట్టి 'డబ్ల్యు.ఆర్.వి.ఎస్.' అని ఉన్న బ్యాడ్జీ యుద్ధకాలపుది కాదు.

7.3.2 కిరీటం: 1953కు ముందు బ్యాడ్జీల మీద సాధారణంగా కనిపించే కిరీటపు కమానులు పైభాగంలో గుండ్రంగా, గుమ్మటంలా ఉంటాయి. దీన్ని రాజు కిరీటం అంటారు. ఎలిజబెత్ రాణి కాలపు కిరీటంలో కమానులు నడిమధ్యన కిందికి వంగి ఉంటాయి. సివిల్ డిఫెన్స్ బ్యాడ్జీల విషయంలో ఈ తేడా బాగా ఉపయోగపడుతుంది. బ్రిటన్‌లో సివిల్ డిఫెన్స్ దళం 1949 నుంచి 1968 వరకు కూడా పనిచేసింది. రాణి కిరీటం గల బ్యాడ్జీ ఈ తరవాతి దళానిదే అవుతుంది.

7.3.3 తగిలించే ఏర్పాటు: కోటు కాజాలో దూర్చడానికి వీలుగా అర్ధచంద్రాకారపు రేకు ఉంటే అది సాధారణంగా పురుషులది. గుచ్చుకునే పిన్ను ఉంటే మహిళలది. అయితే విరిగిన భాగాన్ని తరవాత మార్చి ఉండవచ్చు. కొత్త టంకం మచ్చలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి.

7.3.4 హాల్‌మార్క్: ఏ.ఆర్.పి. బ్యాడ్జీలను తొలుత వెండితో చేశారు. వీటి మీద లండన్ పరీక్షాకేంద్రపు చిరుతపులి తల, వెండికి గుర్తయిన సింహం, సంవత్సరాన్ని తెలిపే అక్షరం ఉంటాయి. లండన్ వరుసలో 'ఏ' అంటే 1936, 'బి' 1937, 'సి' 1938, 'డి' 1939. ఇది వెండిని పరీక్షించిన సంవత్సరం మాత్రమే. ధరించిన వ్యక్తి సేవలో చేరిన సంవత్సరం కాదు. తరవాతి బ్యాడ్జీలను చౌక లోహంతో చేశారు. కాబట్టి హాల్‌మార్క్ లేనంత మాత్రాన నకిలీ అనకూడదు.

7.4 ఒక అభ్యాసం

దాత ఒకరు త్రిభుజాకారపు ఇత్తడి బ్యాడ్జీ తెచ్చి, "ఇది మా ముత్తాత యుద్ధంలో పోరాడినందుకు వచ్చిన పతకం" అన్నారనుకుందాం. దాని మీద 'ఆన్ వార్ సర్వీస్ 1916' అని ఉంది. వెనక పిన్ను ఉంది. ఇది ముత్తాతది కాదు. ఆ ఇంటి మహిళ ఒకరిది అయి ఉండటానికే ఎక్కువ అవకాశం.

ఈ సవరణ చిన్నది కాదు. ఫిరంగి గుండ్లలో టి.ఎన్.టి. నింపిన మహిళల చర్మం పసుపు రంగుకు మారేది. లీడ్స్ సమీపంలోని బార్న్‌బో ఫ్యాక్టరీలో 1916 డిసెంబరు 5న జరిగిన పేలుడులో 35 మంది మహిళలు మరణించారు. యుద్ధకాలపు సెన్సార్ వల్ల ఆ వార్త అప్పట్లో పత్రికల్లో బయటికి రాలేదు. ఇటువంటి పనిచేసినవారి గుర్తుగా ఇంట్లో మిగిలింది ఆ ఇత్తడి ముక్క ఒక్కటే కావచ్చు. అయినా బ్యాడ్జీని చూసి ఆమె పేరు మనం చెప్పలేం. అందుకే నమోదును మూడు భాగాలుగా రాయాలి:

(అ) కంటికి కనిపించినది – ఆకారం, లోహం, అక్షరాలు, పిన్ను.
(ఆ) దాన్నిబట్టి ఊహించినది – మహిళా కార్మికురాలి బ్యాడ్జీ.
(ఇ) దాత చెప్పినది – ఆయన మాటల్లోనే, తేదీతో సహా.

మూడో భాగం పొరపాటని తోచినా కొట్టివేయకూడదు. ఆ కుటుంబంలో ఎవరెవరు ఏయే పనులు చేశారో అడగడానికి అదే ఆధారం.

7.5 మన ప్రాంతంలో దొరికితే

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. భారతదేశంలో కూడా ఏ.ఆర్.పి. ఏర్పాట్లు ఉండేవి. కనుక ఆ అక్షరాలున్న బ్యాడ్జీ మన దగ్గర దొరికితే వెంటనే బ్రిటన్‌ది అని రాయకండి. ఊరి పేరు, తయారీదారు పేరు, లోహం పరిశీలించండి. లండన్ హాల్‌మార్క్ లేనప్పుడు పై అక్షరాల వరుస దానికి వర్తించదు.

ఏ బ్యాడ్జీనైనా పాలిష్ పెట్టి తోమకండి. మెరుపు వస్తుంది గాని, హాల్‌మార్క్ అరిగిపోతుంది. రెండు వైపులా స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి.

7.6 సారాంశం

బ్యాడ్జీని అక్షరాలు, కిరీటం, తగిలించే ఏర్పాటు, హాల్‌మార్క్ అనే క్రమంలో చదవాలి. ఏ ఒక్క గుర్తునూ ఒంటరిగా నమ్మకూడదు. వస్తువు కాలాన్నీ, సేవ స్వభావాన్నీ చెబుతుంది. వ్యక్తి ఎవరో తెలియాలంటే కుటుంబ సమాచారం, పత్రాలు అవసరం.

7.7 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 'డి' అక్షరం గల లండన్ హాల్‌మార్క్ ఏ సంవత్సరానిది?
2. రాణి కిరీటం గల సివిల్ డిఫెన్స్ బ్యాడ్జీ యుద్ధకాలపుదేనా?

జవాబులు: 1. 1939. 2. కాదు, 1949లో ఏర్పడిన దళానిది.

7.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ కార్మికులకు బ్యాడ్జీలు ఇవ్వడానికి గల కారణాలను చర్చించండి.
2. మీ ఇంట్లో గాని, ఊళ్లో గాని ఉన్న ఒక పాత బ్యాడ్జీని లేదా పతకాన్ని మూడు భాగాల పద్ధతిలో నమోదు చేయండి.