కొండబడిలో గాజుపలక

పిల్లవాని చేతికి ఫోను ఈయవచ్చునా, కూడదా అనునది పట్టణములలోని తల్లిదండ్రుల వాదము. రేడియో ప్రక్కన కూర్చుండి ఈ పత్రికను తిరగవేయు ఇండ్లలో కూడ ఆ వాదము ఒకటి రెండు సారులైనను జరిగియే యుండును. అరకులోయకు పోయి, అక్కడనుండి డుంబ్రిగుడ దాటి ముంచింగిపుట్టు వైపు కొండదారి పట్టినచో ఈ ప్రశ్న తలక్రిందులగును. అక్కడ తండ్రి అడుగునది వేరు. ఫోను కొన్నాము సరే, దానికి మాట అందు తావు ఎక్కడ అని ఆయన ప్రశ్న.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఈ ప్రశ్న ఎంత పెద్దదో అందరికిని తెలిసివచ్చినది. మన రాష్ట్రమున దూరదర్శన్ సప్తగిరి ద్వారా పదవ తరగతి వారికి ‘విద్యామృతము’ అను పేర పాఠములు ప్రసారమైనవి. ఆకాశవాణి కూడ పాఠములు వినిపించినది. ఉపాధ్యాయులు ఎవరి శక్తికొలది వారు ఫోనులో బోధించిరి. మన్యములో మాత్రము పిల్లలు పుస్తకము చంకనిడుకొని, సిగ్నలు దొరకు గట్టు వెదకికొనుచు కొండ ఎక్కవలసి వచ్చినది. లోకమంతట ఇట్టి కథయే జరిగినది. ఆ దినములలో దూరవిద్య అందనివారు తక్కువలో తక్కువ 50 కోట్ల మంది విద్యార్థులని యునెస్కో 2023 నివేదిక లెక్కకట్టినది.

రేడియో వినబడు ఊరిలో ఫోను ఎందుకు పలుకదు? ఇది మమ్ము పలువురు అడిగిన ప్రశ్న. మా వృత్తికి చెందినది గనుక కొంచెము వివరింతుము. విశాఖపట్నము కేంద్రము 1963 ఆగష్టు 4న ఆరంభమైనది. దాని మధ్యతరంగమునకు కేటాయించిన సంఖ్య 927 కిలోహెర్ట్‌జులు. ఆ తరంగము పొడవు 320 మీటర్ల పైచిలుకు. అంత పొడవైన తరంగము నేలను అంటుకొని ప్రాకును, కొండ అడ్డు వచ్చినచో దాని భుజము మీదుగా వంగి ఆవలికి దిగును. 4జి ఫోను వాడు తరంగముల పొడవు సుమారు 13 సెంటీమీటర్ల నుండి 43 సెంటీమీటర్ల వరకు మాత్రమే. ఇవి చాల మట్టుకు వెలుతురు వలెనే సూటిగా పోవును. కొండ వెనుక వెలుతురునకు నీడ పడినట్లే వీనికిని నీడ పడును. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న లోయ, చుట్టును అంతకంటె ఎత్తైన కొండలు. ఒక్కొక్క మడతలో పది యిండ్లు, ఇరువది యిండ్లు గల పల్లెలు. ఎన్ని మడతలో అన్ని నీడలు.

ఈ నీడలు తొలగించుటకు టవర్లు లేవవలెను. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గము దేశములో ఫోను అందని 24,680 గ్రామములకు 4జి సౌకర్యము కల్పించుటకై 26,316 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. 2023 జూన్‌లో మన రాష్ట్రమున ఒకే దినమున 100 టవర్లు ప్రారంభమైనవి, వానిలో ఎక్కువ భాగము అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. ఇది చిన్న మేలు కాదు. అయినను టవరు తన కంటికి కనబడు ఊళ్ళకే పలుకును. దానికి విద్యుత్తు కావలెను, క్రిందినుండి తీగయో, మరియొక కొండమీది టవరుతో లంకెయో కావలెను. గాలివానకు ఇందులో ఒకటి తెగినను అది ఉత్త ఇనుపస్తంభమే.

కాబట్టి కొండబడికి ఉపకరించు యంత్రము సిగ్నలు కొరకు ఎదురుచూచునది కారాదు, పాఠమును తనలో నిలువచేసికొని యుండునది కావలెను అని మా అభిప్రాయము. చద్దిమూట కట్టుకొని పొలము పోవువానికి దారిలో పూటకూళ్ళ యిల్లు లేదని దిగులుండదు గదా.

ప్రభుత్వము పంచిన ట్యాబులలో ఈ గుణము కలదు. 2022 డిసెంబరు 21న మొదటి పంపిణీ జరిగినది, 8వ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చిరి. మరుసటి సంవత్సరము అదే తేదీన పంపిణీ ఆరంభించిన చోటు మన మన్యములోని చింతపల్లి. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో వచ్చి తుపాకులు పట్టుకొనిపోయిన ఠాణా ఆ ఊరిదే. నూరేండ్ల పిమ్మట ఆ ఊర ఇట్టి సరకు పంచిపెట్టుదురని ఆనాడు ఎవ్వరు ఊహింతురు! ఒక ప్రైవేటు సంస్థ తయారు చేసిన పాఠములను మెమరీకార్డులో ముందుగానే నింపి ఇచ్చిరి. సిగ్నలు లేకున్నను అవి నడచును. 2017 సెప్టెంబరు 5న కేంద్రము ఆరంభించిన ‘దీక్ష’ యందును ఇట్టి సదుపాయమే యున్నది. పాఠ్యపుస్తకములో అచ్చువేసిన చిన్న నలుపు తెలుపు గళ్ళ ముద్రను ఫోనుకు చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన బొమ్మయో, ఉపన్యాసమో వచ్చును. దానిని ఒకసారి దింపుకొన్నచో తరువాత సిగ్నలుతో పని లేదు. సంతదినమున అరకు వచ్చి, ఉప్పు, కిరసనాయిలు కొనుక్కొన్నట్లే వారమునకు సరిపడు పాఠములు దింపుకొని పోవు ఉపాధ్యాయులను మేము ఎరుగుదుము.

ఇక్కడ మా లోపమొకటి ఒప్పుకొనవలెను. ఇరువదియేండ్లుగా మేము మైకు ముందు మాటలాడుచున్నాము. మా మాట గాలిలో కలిసిన పిమ్మట మరల రాదు. అర్థము కానివాడు ఆగుమనుటకు లేదు, ఇంకొకసారి చెప్పుమనుటకు లేదు. రేడియో పాఠములు వ్రాయునపుడు ఎంత మెల్లగా చెప్పవలెనో, ఏ మాట రెండు సారులు పలుకవలెనో అని గంటలకొలది తర్జనభర్జన పడితిమి. గత సంవత్సరము ఒక కొండబడిలో ఒక బాలిక ట్యాబులో కిరణజన్య సంయోగక్రియ పాఠము వినుచుండగా వెనుక నిలుచుండి చూచితిమి. ఒక మాట వద్ద ఆపినది, వెనుకకు జరిపినది, మరల విన్నది. ఇట్లు నాలుగు పర్యాయములు. తరగతిలో నాలుగు సారులు అడిగినచో తోటివారు నవ్వుదురు, మేష్టారికి విసుగు పుట్టవచ్చును. ఆ గాజుపలకకు విసుగు లేదు. ఇన్నేండ్లుగా మేము పడిన ఆరాటము ఆమె వ్రేలికొనతో తీరిపోయినది. సంతోషముతో పాటు, దాచనేల, కొంచెము అసూయయు కలిగినది.

ఆ నాలుగు సారులకు కారణమేమని అడుగగా ఉపాధ్యాయుడు చెప్పినది మమ్ము ఆలోచనలో పడవైచినది. “పాఠము కష్టము కాదండీ, మాట కష్టము. ఇంటిదగ్గర వీరిది కువి.” అరకు సంతలో ఒక గంట నిలుచున్నచో మూడు భాషాకుటుంబములు చెవిని పడును. కువి, కొండభాషలు మన తెలుగునకు చుట్టములు, ద్రావిడములు. గదబలు మాటాడు గుతోబు ముండా శాఖది. అందరును బేరమాడుకొను ఆదివాసీ ఒడియా ఆర్యభాషలలోనిది. ఆ పిల్ల తెలుగును బడిలో నేర్చినది, ఆ తెలుగు మీదుగా ఇంగ్లీషును అందుకొనవలెను. ట్యాబు పలుకునది ఈ రెండే. 2004 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రములో 8 గిరిజన భాషలలో, 240 బడులలో, తల్లిభాషతో చదువు ఆరంభించిరి. తెలుగు లిపిలోనే వాచకములు వ్రాయించిరి. అది మంచి దారి. ఈ కనుమలలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, సవర పిల్లలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును వెలువరించిరి. ఆయనకు కాగితము, కలము, ఓపిక మాత్రమే సాధనములు. నేడు ఏ ఉపాధ్యాయుని జేబులో నైనను శబ్దగ్రహణయంత్రము ఉన్నది. ఒక అవ్వ చెప్పు కథను కువిలో పట్టి, బొమ్మలు చేర్చి, ఒకటవ తరగతి పిల్లలకు వినిపించుటకు ఒక పూట చాలును. పెద్ద సంస్థలు లక్షలు వెచ్చించి చేయు పాఠములకంటె ఇట్టివి వంద తయారైనచో మేలని మాకు తోచుచున్నది.

చదువుతో పాటు మాటామంతీ కూడ చెప్పుకొనవలెను. ఆశ్రమ పాఠశాలలో చేరిన పిల్ల దసరాకో, సంక్రాంతికో గాని యిల్లు చేరదు. పూర్వము జాబు వ్రాసినను తండ్రికి చదువు రాదు, చదివి పెట్టువాడు దొరకవలెను, వాని ఎదుట చెప్పుకొనదగిన మాటలే వ్రాయవలెను. ఇప్పుడు వాట్సాప్‌లో గొంతుతోనే కబురు పంపవచ్చును. వార్డెను ఫోనులో పిల్ల తన భాషలో పలికిన మాట, తండ్రి ఫోను నీడలో ఉన్నంతకాలము ఎక్కడనో నిలువయుండి, ఆయన సంతకు వచ్చిన క్షణమున చేతిలో ‘టింగు’ మని దిగును. జ్వరము తగ్గినదని, గణితములో మార్కులు వచ్చినవని, అవ్వ ఎట్లున్నదని. అక్షరము రానివానికి ఉత్తరమందినట్లే గదా.

యంత్రము పంచినంతనే చదువు రాదనుటకు దూరదేశపు దృష్టాంత మొకటి కలదు. దక్షిణ అమెరికాలోని పెరూ, మనవలెనే కొండపల్లెలు గల దేశము, బడిపిల్లలకు లక్షలకొలది చిన్న కంప్యూటర్లు పంచినది. 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనము ప్రకారము లెక్కలలో గాని, భాషలో గాని పిల్లలకు ఎన్నదగిన వృద్ధి కనబడలేదు. యంత్రమిచ్చిరి గాని దానిని పాఠముతో ముడివేయు గురువును సిద్ధము చేయలేదు. ఆటలు, సినిమాపాటలు ట్యాబులో చొరబడుట అన్నిచోట్ల ఉన్నదే. కొండమీద దానికంటె పెద్ద చిక్కు పగిలిన అద్దము. బాగుచేయువాడు పాడేరులోనో, విశాఖలోనో ఉండును, బస్సు ఖర్చులకు ఒక దినపు కూలి పోవును.

మేము ఆ బడికి రెండవసారి పోయినది వానాకాలములో. క్రొత్త పాఠములు దింపుకొని రావలసిన మేష్టారు గెడ్డ పొంగుటచేత అరకులోనే చిక్కుపడిరి. కరెంటు లేదు. మూడు ట్యాబులలో ఒకదానికి మాత్రము కొంత ఛార్జి మిగిలియున్నది. ఎనిమిదిమంది పిల్లలు దానిచుట్టు మూగి, గడచిన వారము పాఠమునే మరల పెట్టుకొని వినుచుండిరి. ప్రతి వాక్యమునకు ఆపి, మేము మొదట చూచిన ఆ బాలికయే చిన్నవారికి కువిలో చెప్పుచుండెను.