సపోటా దూలాల తికాల్

గ్వాటెమాలా అడవిలో ఉన్న మాయా నగరం తికాల్‌కు వెళ్తే గుడి గుమ్మాల దగ్గర కాసేపు ఆగి తలెత్తి చూడండి. అక్కడి దూలాలు చాలావరకు సపోటా కర్రవే. అవును, మన పెరట్లో కాసే సపోటానే! దాని పుట్టిల్లు ఆ ప్రాంతమే. లోహపు పనిముట్లు లేని రోజుల్లో మాయా వడ్రంగులు రాతి ఉలులతో ఆ గట్టి కర్ర మీద రాజుల బొమ్మలు, తేదీలు చెక్కారు. అంత తేమలోనూ అవి పన్నెండు వందల ఏళ్లకు పైగా చివికిపోలేదు. అయితే అన్నిటికంటే ఎత్తయిన నాలుగో గుడిలోని చెక్కడపు దూలాలను చూడాలంటే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మ్యూజియానికి వెళ్లాలి. 1877లో గుస్తావ్ బెర్నూలి అనే వైద్యుడు వాటిని ఊడదీయించాడు. తయారైన చోట అవి లేకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఒకప్పుడు చూయింగ్ గమ్‌ను సపోటా చెట్టు పాలతోనే చేసేవారు. ఆ పాలు గీసే కూలీలను చిక్లేరోలు అంటారు. చెట్లు వెతుక్కుంటూ వాళ్లు తొక్కిన దారులే పురావస్తు శాస్త్రవేత్తలను ఎన్నో శిథిలాల దగ్గరకు చేర్చాయి. తికాల్‌కు బద్ధశత్రువైన కలాక్‌ముల్ నగరం 1931లో బయటి లోకానికి తెలిసింది. విమానంలోంచి దాన్ని గుర్తించిన సైరస్ లండెల్ అప్పట్లో ఈ సపోటా పాల వ్యాపార సంస్థలోనే వృక్షశాస్త్రజ్ఞుడు.

శిఖరాల కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి తికాల్ చెరువులు. నగరానికి నది లేదు. అందుకే ఆవరణలన్నిటికీ సున్నపు గచ్చు చేసి, వాలు పెట్టి, పడిన ప్రతి వాన చుక్కనూ చెరువుల్లోకి మళ్లించారు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల నుంచి వెళ్లినవాళ్లకు ఆ ఆలోచన ఇట్టే అర్థమవుతుంది. కొరియెంటల్ అనే చెరువులో నీటిని వడకట్టడానికి జియోలైట్ ఖనిజం, క్వార్ట్జ్ ఇసుక వాడారని 2020లో పరిశోధకులు ప్రకటించారు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి పని అది! అదే ఏడాది చేదు కబురు కూడా వచ్చింది. నగరం నడిబొడ్డున, రాజభవనం పక్కనున్న చెరువుల అడుగు మట్టిలో పాదరసం బయటపడింది. గోడలకు పూసిన ఎర్రటి ఇంగిలీకం వానకు కొట్టుకొచ్చి నీళ్లలో చేరిందని పరిశోధకుల అంచనా.

హోండురాస్‌లోని కోపాన్ అనే మరో మాయా నగరపు శిథిలాలను అమెరికన్ యాత్రికుడు జాన్ లాయిడ్ స్టీఫెన్స్ 1839లో 50 డాలర్లకు కొన్నాడు. వెంట వచ్చిన చిత్రకారుడు ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ దోమల మధ్య నిలబడి గీసిన బొమ్మలను చూశాకే మాయా శిల్పాల గొప్పదనం లోకానికి తెలిసింది.

ఇంకో మాయా నగరం చిచెన్ ఇట్జాలోని పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున ఉన్నాయి. పైనున్న అరుగుతో కలిపితే 365, ఏడాదికి సరిపోతుంది. మెట్ల ముందు చప్పట్లు కొడితే వచ్చే ప్రతిధ్వని క్వెట్జాల్ పక్షి కూతలా ఉంటుంది.

1562లో మనీ పట్టణంలో మాయా పుస్తకాలను తగలబెట్టించిన స్పెయిన్ మతగురువు దియెగో దె లాందా, తన గ్రంథంలో మాయా అక్షరాలంటూ కొన్ని గుర్తులు రాసిపెట్టాడు. సోవియట్ పండితుడు యూరీ క్నోరొజొవ్ వాటిని ఆధారం చేసుకునే మాయా లిపి చదివే దారి కనిపెట్టాడు. 1952లో ఆ సంగతి ప్రకటించేనాటికి ఆయన ఒక్క మాయా శిథిలాన్నీ కళ్లారా చూడలేదు. గ్వాటెమాలాలో అడుగుపెట్టడానికి మరో నాలుగు దశాబ్దాలు దాదాపుగా పట్టింది.

తికాల్ యాత్రికులు ఎక్కువగా బస చేసేది ఫ్లోరెస్ అనే చిన్న ద్వీపంలో. స్పెయిన్‌కు లొంగని చివరి మాయా రాజ్యానికి అదే రాజధాని. 1697 దాకా నిలిచింది. మాయాలు మాయమైపోయారని చెప్పే గైడును నమ్మకండి. లక్షల మంది ఈనాటికీ మాయా భాషలే మాట్లాడుతున్నారు. మాయా పంచాంగం పేరు చెప్పి మనల్ని 2012లో యుగాంతమని భయపెట్టారు గానీ, నిజానికి ఆ డిసెంబరులో వాళ్ల పెద్ద కాలగణనలో ఒక ఆవృత్తి ముగిసి, తర్వాతిది మొదలైంది, అంతే. గ్వాటెమాలా కొండ ప్రాంతాల్లో కిచె మాయా పూజారులు 260 రోజుల పంచాంగం చూసి నేటికీ మంచి రోజులు చెబుతున్నారు.