ఇంటికో వికీ

గోదారి వరద మాట వస్తే డెల్టాలో ఎవరి నోటనైనా అంకెలే పలుకుతాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఇవన్నీ ప్రభుత్వ రికార్డుల్లో దొరుకుతాయి. దొరకనిదల్లా ఒక్కటే: అక్కడ అన్ని అడుగులున్న రోజున మన లంకలో, మన వీధిలో, మన గుమ్మం ముందు నీళ్లు ఎంతవరకు వచ్చాయన్నది. అది పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉంటుంది. లేదా గోడ మీద ఎవరో గీసిన గీతలో ఉంటుంది, మళ్లీ సున్నం వేసేదాకా.

ఇలాంటి సొంత సమాచారానికి పనికొచ్చే పద్ధతే సొంత వికీ. వికీపీడియాలో లంకె ఉన్న మాటను నొక్కితే దాని పేజీ తెరుచుకుంటుంది, దాదాపు ఏ పేజీనైనా ఎప్పుడైనా దిద్దవచ్చు. ఈ రెండు సదుపాయాలనూ ఇంటికీ, పనికీ, సరదాలకూ తెచ్చుకోవడమే ఇది. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చి 25న మొట్టమొదటి వికీని ప్రారంభించింది తోటి ప్రోగ్రామర్లతో అనుభవాలు పంచుకోవడానికి. 2004లో జెరెమీ రస్టన్ తెచ్చిన టిడ్లీవికీతో అది ఒక్క మనిషి వాడుకునే వస్తువైంది. వికీ మొత్తం ఒకే ఫైలు, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. 2020లో వచ్చిన అబ్సిడియన్ యాప్‌లో ప్రతి పేజీ మామూలు టెక్స్ట్ ఫైలే. పేజీ పేరును రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య రాస్తే లంకె పడుతుంది. ఆ పేజీని ఇంకా ఏయే పేజీల్లో తలచుకున్నామో కూడా అదే చూపిస్తుంది.

అసలు లాభమంతా ఆ వెనక లంకెల్లోనే ఉంది. భీమవరం ప్రాంతపు రొయ్యల రైతునే తీసుకోండి. చెరువు పుస్తకంలో సీడ్ వేసిన తేదీ, మేత, సెలినిటీ, పీహెచ్, పట్టుబడినాటి కౌంటు అన్నీ రాస్తాడు. కానీ పుస్తకం తేదీల వరసలోనే నడుస్తుంది. అదే వికీలో అయితే ప్రతి చెరువుకూ ఒక పేజీ, ప్రతి పంటకూ ఒకటి, సీడ్ తెచ్చిన ప్రతి హేచరీకీ ఒకటి. వైట్‌స్పాట్ పేజీ తెరిస్తే ఆ జబ్బు తగిలిన పంటలన్నీ ఒకచోట కనిపిస్తాయి. అప్పుడు ఏ నెలలో వేసినవి, ఏ హేచరీ సీడ్, ఏ చెరువు అని పోల్చి చూడవచ్చు. ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు వెతకాలంటే ఏళ్ల పేజీలు తిరగేయాలి.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చి మేడమీద పెంచుకునేవారికీ ఇదే పద్ధతి.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకు ఈ అవసరం మరీ ఎక్కువ. ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కోడ్ చెబుతుంది. ఆ దారే ఎందుకు పట్టారో, ఏ దారి ప్రయత్నించి వదిలేశారో చెప్పదు. ఆరు నెలల తర్వాత ప్రాజెక్టు మళ్లీ తెరిచినప్పుడు, ఆ రోజు రాసుకున్న నాలుగు వాక్యాలే ఒక పూట పనిని తప్పిస్తాయి.

ఒక్క మనిషి పూనికను వికీ ఎంత దూరం మోయగలదో చూడాలంటే వేమూరి వెంకటేశ్వరరావు నిఘంటువును చూడాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన ఆయన కూర్చిన నిఘంటువు తెలుగు వికీబుక్స్‌లో అక్షరానికో పేజీగా ఉంది. అది అందరికీ తెరిచి ఉంచినదే కానీ, దాన్ని నడిపించింది ఒకరి శ్రద్ధ. అచ్చు పుస్తకమైతే కొత్త మాట మలి ముద్రణ దాకా ఆగాలి. వికీలో దొరికిన రోజే చేరుతుంది.

తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కుంది. ఒకచోట రాజమండ్రి, ఇంకోచోట రాజమహేంద్రవరం అని రాస్తే లంకెలు రెండుగా చీలిపోతాయి. అబ్సిడియన్‌లో ఒకే పేజీకి మారుపేర్లు ఇచ్చే వీలుంది, దాన్ని మొదటి నుంచే వాడుకోవాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి అమలాపురం తూర్పుగోదావరి నుంచి కోనసీమకు మారినప్పుడు, ఊరికి ఒకే పేజీ ఉన్నవారికి అది దిద్దుకుంటే సరిపోయింది.

సొంత వికీల్లో చాలా వరకు ఆగిపోయేది అమరిక దగ్గర. ఫోల్డర్లు, రంగులు, విభాగాలు తీర్చిదిద్దడంలోనే ఉత్సాహం అయిపోతుంది. ముందు రాయాలి, అమరిక తర్వాత దానంతటదే తెలుస్తుంది. ఏ యాప్ వాడినా, రాసింది మామూలు టెక్స్ట్‌గా బయటికి తీసుకునే వీలుండాలి. గూగుల్ నోట్‌బుక్ 2012లో మూతపడింది. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు పరిమితం చేసింది. టెక్స్ట్ ఫైలును మాత్రం ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఒక నకలు తీయాలి. బ్యాంకు పిన్‌లు, పాస్‌వర్డులు అందులో రాయకూడదు.

తెలుగు టైపింగ్ రాదని వెనకాడేవారు ఫోన్‌లో మాట్లాడి రాయించుకోవచ్చు. ఇంట్లో 1986 వరద చూసినవారుంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో, గొడ్లను ఎక్కడికి తోలారో, బియ్యం ఎక్కడ దాచారో వాళ్ల మాటల్లోనే మొదటి పేజీలో రాసుకోండి.