రాళ్లబాట వీరుడు టామ్ బోనెన్

నరసరావుపేటలో ఎక్కిన బస్సు పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా ఆగుతూ ఆగుతూ హైదరాబాద్ చేరేసరికి ఐదారు గంటలు పడుతుంది. బెల్జియం సైక్లిస్టు టామ్ బోనెన్ 2012 ఏప్రిల్ 8న అంతకన్నా కాస్త ఎక్కువ దూరాన్నే, 257.5 కిలోమీటర్లను, 5 గంటల 55 నిమిషాల్లో తొక్కేశాడు. అందులో 51.5 కిలోమీటర్లు రాళ్లు పరిచిన పాత పొలంబాటలు!

ఆ పందెం పారిస్–రూబే. 1896లో మొదలైంది. టూర్ డి ఫ్రాన్స్‌లో ఒకరోజు వెనకబడ్డవాడు మర్నాడు సర్దుకోవచ్చు. ఇలాంటి ఒక్కరోజు క్లాసిక్‌కు మర్నాడంటూ లేదు. టైరు పంక్చరైనా, ముందువాడు పడి దారికి అడ్డమైనా నెలల తరబడి పడ్డ శ్రమ అక్కడితో సరి.

ఆ రాళ్లు మన నాపరాళ్లలా చదునుగా ఉండవు. ఒక్కోటి నడుమ ఉబ్బి, రాయికీ రాయికీ మధ్య సందులు తేలి ఉంటాయి. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. నెమ్మదిగా వెళ్తే ప్రతి సందులోనూ చక్రం దిగి కుదుపుతుంది, వేగంగా వెళ్తే రాళ్ల నెత్తి మీదుగా సాగిపోతుంది. అందుకే ఆరితేరినవాళ్లు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తారు, హ్యాండిల్‌ను బిగబట్టరు, బాట నడుమ ఎత్తుగా ఉన్నచోటే తొక్కుతారు. బోనెన్ ఆరడుగుల పైన మనిషి, బరువు 80 కిలోలకు పైనే. కొండలెక్కేటప్పుడు భారమైన ఆ ఒళ్లే రాళ్ల మీద అతనికి బలమైంది.

1980లో బెల్జియంలోని మోల్‌లో పుట్టాడు. 2002లో, 21 ఏళ్లకే, తన తొలి రూబేలో మూడో స్థానం. 2005లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, రూబే, ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడూ గెలిచాడు. తర్వాత మచ్చా పడింది. కొకైన్ వాడినట్టు పరీక్షలో తేలడంతో 2008 టూర్ డి ఫ్రాన్స్‌కు అతన్ని రానివ్వలేదు.

2012 వసంతంలో మాత్రం అతన్ని ఆపినవాడు లేడు. రెండున్నర వారాల్లో ఈ3, గెంట్–వెవెల్‌గెమ్, ఫ్లాండర్స్ పందేలు గెలిచి రూబేకు వచ్చాడు. గమ్యం ఇంకా 53 కిలోమీటర్లుండగా, వెంట ఉన్న సొంత జట్టు సభ్యుడు నికి టెర్ప్‌స్ట్రా వెనకబడ్డాడు. నరసరావుపేట నుంచి గుంటూరు కన్నా ఎక్కువ దూరం, వెనక తరుముతూ పెద్ద గుంపు. బోనెన్ ఆగలేదు. ఒంటరిగానే తొక్కి 1 నిమిషం 39 సెకన్ల తేడాతో గెలిచాడు. అతని జీవితంలో అన్నిటికన్నా గొప్ప గెలుపు ఇదే.

రూబేలో అతనికది నాలుగో గెలుపు. రోజర్ డి వ్లామింక్ రికార్డుతో సమానం. 2016లో ఐదోది చేతికందినట్టే అంది, మాథ్యూ హేమన్ చేతికి జారిపోయింది. మరుసటి ఏడు రూబేలోనే రిటైరయ్యాడు.

ఇలాంటివాళ్లు ఊరికే పుట్టరు. బెల్జియంలో ఊరూరా కుర్రాళ్లకు సైకిల్ పందేలు జరుగుతాయి. మన పల్నాడులోనూ ఎడ్ల బండలాగుడు పోటీ అంటే జనం విరగబడి వస్తారు. ఆ పోటీలు నడిపే పెద్దలు చలికాలం పొద్దున నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఒక సైకిల్ పందెం కూడా పెట్టాలి. రోజూ బడికి సైకిల్ తొక్కే పిల్లలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.