ఆడని ఏడాది

రాయపూరు నుండి పడమరగా రైలెక్కితే గంటలోపే భిలాయి ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు కనిపిస్తాయి. 1955లో సోవియట్ సహకారంతో తలపెట్టిన ఈ కర్మాగారం దేశపు నలుమూలల నుండి కుటుంబాలను రప్పించింది. వాటిలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. ఆ ఊరి పంత్ స్టేడియంలో రాజేశ్ పటేల్ అనే శిక్షకులు ఏళ్ల తరబడి ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పారు. పొడవైన పిల్లల కోసం ఆయన చూపు రాష్ట్రపు ఎల్లలు దాటి వెళ్లింది. కాన్పూరు అమ్మాయి పూనం చతుర్వేది అలాగే భిలాయి చేరింది. ఆమె ఎత్తు ఏడడుగులకు రవ్వంత తక్కువ!

ఎత్తు పుట్టుకతో వచ్చేది. కాళ్లు కదపడం, చేతిలో బంతి నిలుపుకోవడం మాత్రం నేర్వవలసినవి. అందుకు ఏడాదో, రెండేళ్లో పడుతుంది. అంతవరకు ఆ పిల్ల పేరు ఏ స్కోరు పట్టీలోనూ ఉండదు. ఆడనప్పుడు అక్కడెందుకని ఇంటివారు అడిగితే ఏమి చెప్పాలి?

అమెరికా కళాశాలలు ఈ నిరీక్షణకు 'రెడ్‌షర్ట్' అని పేరు పెట్టాయి. 1937లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడు వారెన్ ఆల్ఫ్‌సన్ ఆ యేడు పోటీలలో దిగక సాధన మాత్రమే చేస్తానని కోరి, అంకె లేని ఎర్రచొక్కా తొడిగాడట. ఐదేళ్లలో నాలుగేళ్లు ఆడవచ్చునన్నది అక్కడ దీర్ఘకాలం నడిచిన లెక్క. కనుక కూర్చున్న ఏడాది పోగొట్టుకొన్నది కాదు, దాచుకొన్నది. పాఠశాల చదువు ముందే ముగించి, జనవరిలోనే కళాశాలలో చేరి, ఆ వసంతమంతా బెంచీ మీద గడిపే కుర్రవాళ్లూ ఉన్నారు. అయినా వారికి ఉపకార వేతనం, భోజనం, వైద్యం అందుతూనే ఉంటాయి.

భిలాయి నుండి ఆ దారి పట్టిన అమ్మాయి ఆకుల కవిత. (ఆ ఇంటిపేరు తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.) ఆమె అరిజోనాలోని గ్రాండ్ కేన్యన్ విశ్వవిద్యాలయం పక్షాన ఆడింది. 2013లో మొదటి శ్రేణికి మారిన ఆ విశ్వవిద్యాలయపు జట్లు నిబంధన ప్రకారం నాలుగేళ్లపాటు జాతీయ పోటీకి అనర్హమయ్యాయి. జట్టుకు జట్టే నిరీక్షించిందన్నమాట!

మన దేశంలో ఆటగత్తెను పిలిచేది కళాశాల కంటె ఎక్కువగా ఉద్యోగమే. రైల్వే క్రీడాకోటాలో కొలువు దొరికితే కుటుంబం గట్టెక్కుతుంది. జాతీయ పోటీలలో రైల్వేలకు వేరే జట్టుంది గనుక, భిలాయిలో నేర్చిన పిల్ల ఛత్తీస్‌గఢ్ మీదనే ఆడవలసి రావచ్చు. అది నాకు అన్యాయమనిపించదు. జీతమిచ్చేవారి చొక్కా తొడగక తప్పదు గదా! నాకు తోచే లోటు వేరు. క్రీడా వసతి గృహాలు లేకపోలేదు. కాని ఎత్తు చూచి తెచ్చిన నాటి నుండి ఆట కుదిరే దాకా గడిచే ఆ ఏళ్లకు రెడ్‌షర్ట్ వంటి పేరూ లేదు, పూచీ లేదు. మోకాలు తిరిగినా, పరీక్ష తప్పినా, వెనుక నిలిచేది చాలాసార్లు ఒక శిక్షకుని మాట మాత్రమే.

రాజేశ్ పటేల్ 2018లో కన్నుమూశారు.