తెలుగు తరగతిలో మార్కులు ఎలా వేయాలి?

తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యింది. అప్పటినుంచి మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం దొరికేది సంఘాలు నడిపే ఆదివారం తరగతుల్లోనే. అక్కడ కూడా మనం బడి పద్ధతినే పట్టుకున్నాం. ఏడాదికి నాలుగు పరీక్షలు, వాటి సగటు, చివరికి వందకు ఇన్ని అని ఒక అంకె. ఆ అంకె చూసి పిల్లలకు తెలుగు ఎంత వచ్చిందో చెప్పగలమా?

ఒక లెక్క చూడండి. ఒక అమ్మాయికి వరుసగా 20, 40, 70, 90 వచ్చాయనుకుందాం. ఒక అబ్బాయికి 60, 55, 55, 50. ఇద్దరి సగటూ 55 మార్కులే. కానీ ఆ అమ్మాయి గుణింతాలు రాని స్థితి నుంచి పాఠం చదివే స్థితికి వచ్చింది. అబ్బాయి మెల్లగా వెనకబడుతున్నాడు. ఈ రెండూ సగటులో కనబడవు. చివరి రెండు పరీక్షలే లెక్కలోకి తీసుకుంటే అమ్మాయికి 80, అబ్బాయికి 52.5 వస్తాయి. ఇవాళ ఎవరికి ఎంత వచ్చో అప్పుడు తెలుస్తుంది.

రెండో సంగతి, భాష అంటే ఒక్క విద్య కాదు. మన ఇళ్లలో గడగడా మాట్లాడే పిల్లలు శుభలేఖ కూడా చదవలేరు. ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి 80 తెచ్చుకున్నవారికి కొత్త పేరా ఇస్తే తడబడతారు. అందుకే వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని నాలుగు గడులు పెట్టి వేరువేరుగా గుర్తించాలి. చదవడానికి పుస్తకంలో లేని నాలుగు వాక్యాలు ఇవ్వాలి. హాజరు, చేతిరాత, హోంవర్కు ఆలస్యం వంటివి పక్కన రాయవచ్చు గాని, వాటికోసం తెలుగు మార్కులు కోయరాదు.

ఇంటి మాటకు ఎర్రగీత పెట్టడం ఇంకో పొరపాటు. 'అన్నం' బదులు 'కూడు' అని రాస్తే అది తప్పు కాదు, పాత తెలుగు మాటే. పుస్తకంలోని మాట పక్కన రాసి చూపితే చాలు. అవ్వ మాట్లాడే తెలుగే తప్పని బిడ్డకు తోస్తే, ఇంట్లో కూడా నోరు మెదపడు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లల అవగాహనను, నేర్చినదాన్ని వాడుకునే శక్తిని ఏడాది పొడవునా సమగ్రంగా అంచనా వేయమంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రగతి పత్రాన్ని ఈ దారిలోనే మార్చమంది.

మా తరగతుల్లో వచ్చే జూన్ నుంచి నాలుగు గడుల పత్రం వాడదలిచాం. తప్పిన పాఠానికి రెండోసారి పరీక్ష రాయనిచ్చి, మెరుగైన మార్కునే ఉంచుతాం. ఉగాది సభలో మొదటి ర్యాంకుకు ఇచ్చే బహుమతితో పాటు, ఏడాదిలో ఎక్కువ ముందుకు వచ్చినవారికి కూడా ఒకటి ఇస్తాం. ఇతర ఊళ్ల సంఘాలవారు కూడా ఆలోచించాలని కోరుతున్నాం. తల్లిదండ్రులు పత్రం చేతికి రాగానే ముందుగా 'చదవడం' గడి చూడండి. మన తరవాత తెలుగు నిలిచేది ఆ గడిలోనే.